నీలిరంగు సాక్ష్యము

గాజుపాత్రలో పలుచని మిథిలీన్ బ్లూ ద్రావణమును పోసి, అందులో చిటికెడు టైటానియం డయాక్సైడు పొడిని కలిపి ఎండలో ఉంచినచో, కొంతకాలమునకు నీలిరంగు వెలిసిపోవును. చూచువారికి ఇది ముచ్చటగా నుండును. పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు తగిన ప్రయోగమే. కాని దానిక్రింద సామాన్యముగా వ్రాయు వాక్యము ఇది: "కాంతి ఉత్ప్రేరకము రంగును నాశనము చేసినది, నీరు శుభ్రమైనది." రంగు కనబడకపోయిన మాట నిజము. అయితే రంగుపదార్థము నాశనమైనదా? ఆ పని చేసినది పొడి గ్రహించిన కాంతియేనా? నీరు శుభ్రపడినదా? ఈ మూడు ప్రశ్నలకు పాత్ర తెల్లబడుటలో సమాధానము లేదు.

వీనిలో రెండవ ప్రశ్నను సూటిగా అడిగిన వ్యాసమొకటి 2006 లో 'కెమికల్ ఫిజిక్స్ లెటర్స్' పత్రికలో వెలువడినది. యాన్, ఓనో, నిషిజిమా, అబే, ఒహ్తాని అనువారు దాని రచయితలు. దృశ్యకాంతితో పనిచేయు ఉత్ప్రేరకములను పరీక్షించుటకు మిథిలీన్ బ్లూ తగిన పదార్థమేనా అనునదే ఆ వ్యాసము యొక్క శీర్షిక. చిన్న వ్యాసమే అయినను, అది తాకినది ఒక పెద్ద అలవాటును.

ఆ ప్రశ్న బలము తెలియవలెనన్న, స్ఫటికములో కాంతి చేయు పనిని ముందు చూడవలెను. టైటానియం డయాక్సైడు ఒక అర్ధవాహకము. అందులో ఎలక్ట్రానులు ఉండదగిన శక్తిస్థాయిలు పట్టీలుగా ఏర్పడి యుండును. క్రింది పట్టీ ఎలక్ట్రానులతో నిండి యుండును. పై పట్టీ దాదాపు ఖాళీ. నడుమ ఎలక్ట్రాను నిలువరాని అంతరము కలదు. అనటేజ్ అను రూపములో ఈ అంతరము సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240 ని ఈ సంఖ్యచే భాగించినచో 388 వచ్చును. అనగా సుమారు 388 నానోమీటర్లు గాని అంతకు తక్కువ గాని తరంగదైర్ఘ్యము గల కాంతియే ఎలక్ట్రానును పై పట్టీకి ఎక్కించగలదు. ఇది అతినీలలోహిత కాంతి. నేలను చేరు సూర్యకాంతి శక్తిలో దీని పాలు నూటికి సుమారు 5 మాత్రమే.

పైకెక్కిన ఎలక్ట్రాను ఋణావేశము గలది. అది విడిచిన ఖాళీ ధనావేశమువలె ప్రవర్తించును. దానికి రంధ్రమని పేరు. ఈ రెండును మరల కలిసికొనినచో గ్రహించిన శక్తి వేడిగానో వెలుగుగానో వ్యర్థమగును. స్ఫటికము నానోమీటర్ల పరిమాణములో నున్నపుడు ఆవేశములు ఉపరితలమును చేరుటకు పోవలసిన దూరము తక్కువ. అక్కడ ఎలక్ట్రానును ఆక్సిజన్ అందుకొనును. రంధ్రము నీటినుండి గాని, ఉపరితలము నంటియున్న పదార్థమునుండి గాని ఎలక్ట్రానును లాగుకొనును. నీటినుండి లాగినపుడు పుట్టు హైడ్రాక్సిల్ ప్రాతిపదికలు కర్బన పదార్థములను ఆక్సీకరించును. కాంతి ఉత్ప్రేరణము అనదగినది ఇదియే. స్ఫటికము కాంతిని గ్రహించుట ఇందులో మొదటి మెట్టు.

1972 లో ఫుజిషిమా, హోండా అను జపాను శాస్త్రజ్ఞులు టైటానియం డయాక్సైడు ఎలక్ట్రోడుపై కాంతిని ప్రసరింపజేసి నీటిని విడగొట్టుటను ప్రకటించిన పిమ్మట, ఈ పదార్థముపై ఆసక్తి పెరిగినది. ఎండలోని అతినీలలోహిత భాగము స్వల్పమగుటచే, దృశ్యకాంతిని కూడ గ్రహించునట్లు స్ఫటికములో నత్రజని, గంధకము వంటి మూలకములను చొప్పించు యత్నములు సాగినవి. 2001 లో అసాహీ, ఆయన సహచరులు నత్రజని చేర్చిన టైటానియం డయాక్సైడును గూర్చి 'సైన్స్' పత్రికలో ప్రకటించినపుడు, మిథిలీన్ బ్లూతో పాటు రంగులేని ఎసిటాల్డిహైడు వాయువును కూడ పరీక్షకు తీసికొనిరి. ఆ తరువాతి అనేక పత్రములలో రంగు ఒక్కటియే మిగిలినది. కారణము స్పష్టము: రంగును కొలుచుట సులభము, పరికరము చౌక, ఫలితము కంటికి కనబడును.

చిక్కు ఇక్కడనే ఉన్నది. మిథిలీన్ బ్లూ దృశ్యకాంతిని తానే బలముగా గ్రహించును. 664 నానోమీటర్ల దగ్గర, అనగా ఎరుపు కాంతిలో, ఈ గ్రహణము అత్యధికము. కాంతిని గ్రహించి ఉత్తేజితమైన రంగు అణువు తన ఎలక్ట్రానును స్ఫటికము యొక్క పై పట్టీలోనికి పంపవచ్చును. ఎలక్ట్రాను పోగొట్టుకొన్న అణువు క్రమముగా శిథిలము కావచ్చును. ఇందులో స్ఫటికము కాంతిని గ్రహింపలేదు. దానిలో రంధ్రము పుట్టలేదు. అది ఎలక్ట్రానునకు దారి ఇచ్చినది, అంతే. బయటనుండి చూచిన వానికి రెండు సందర్భములలోను కనబడునది ఒక్కటియే: నీలము వెలిసినది. తగవులో భాగస్వామియైన వానినే సాక్షిగా నిలిపినట్లున్నది.

2006 నాటి వ్యాసము ఈ రెండు దారులను విడదీసిన పద్ధతి మెచ్చదగినది. గంధకము చేర్చిన టైటానియం డయాక్సైడును తీసికొని, వేరువేరు తరంగదైర్ఘ్యముల కాంతిలో చర్య యొక్క సామర్థ్యమును కొలిచిరి. ఇట్లు గీసిన రేఖకు చర్యావర్ణపటమని పేరు. స్ఫటికమే కారణమైనచో ఈ రేఖ స్ఫటికము కాంతిని గ్రహించు తీరును అనుసరింపవలెను. రంగే కారణమైనచో రంగు గ్రహించు తీరును అనుసరింపవలెను. పోలికకై రంగులేని ఎసిటిక్ ఆమ్లముతో అదే కొలత చేసిరి. దృశ్యకాంతిలో మిథిలీన్ బ్లూ వెలియుటకు ఆ రంగు తానే గ్రహించిన కాంతి కారణమగుచున్నదని తేలినది. కావున ఈ పరీక్షకు అది తగదని వారు తీర్పు చెప్పిరి.

ఈ తీర్పు ఒక పొడితో చేసిన ప్రయోగమునుండి వచ్చినదని ఆక్షేపింపవచ్చును. కాని దాని వెనుకనున్న తర్కము ఆ పొడికే పరిమితము కాదు. దృశ్యకాంతిని గ్రహింపనిది రంగే కాదు గదా! కావున రంగు ఏదైనను ఈ సందేహము వెంట వచ్చును. రెండవ ఆక్షేపణ బలమైనది. ఎసిటిక్ ఆమ్లము టైటానియం డయాక్సైడు ఉపరితలమును అంటుకొను స్వభావము గలది. అన్ని మాలిన్యములును అట్లు అంటుకొనవు. రంగు స్థానములో ఆ ఆమ్లమునొక్కదానినే కూర్చుండబెట్టినచో, ఒక ఏకసాక్షికి బదులు మరియొక ఏకసాక్షి వచ్చినట్లగును. ఈ వ్యాసమునుండి గ్రహింపవలసినది పదార్థము యొక్క పేరు కాదు, తరంగదైర్ఘ్యమును మార్చి చూడవలెనను పద్ధతి.

ఈ వ్యాసము తాకని లోపము మరియొకటి కలదు. గ్లూకోజు, క్షారము, మిథిలీన్ బ్లూ కలిపిన సీసాను కదపక ఉంచినచో రంగు పోవుట, గాలితో కుదిపినచో నీలము తిరిగి వచ్చుట రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు ఎరిగినదే. అక్కడ రంగు నాశనము కాలేదు. ఎలక్ట్రానులను గ్రహించి రంగులేని రూపము దాల్చినది. స్ఫటికపు ఎలక్ట్రానులు కూడ ఈ పని చేయగలవు. 1999 లో మిల్స్, వాంగ్ అనువారు ఈ వ్యవస్థ సందిగ్ధమైనదా అని ప్రశ్నించుచు, ఆక్సిజన్ ఉన్నపుడు జరుగు ఆక్సీకరణమును, అది లేనపుడు జరుగు క్షయకరణమును వేరుచేసి చూపిరి. అనగా ఒకే తెల్లదనము రెండు విరుద్ధ చర్యల ఫలితము కావచ్చును.

ఇంతమాత్రమున మిథిలీన్ బ్లూను వెలివేయుట న్యాయము కాదు. అతినీలలోహిత కాంతిలో అది నిజముగనే శిథిలమై కార్బన్ డయాక్సైడు, సల్ఫేటు మొదలైనవిగా మారుచున్నట్లు 2001 లో హువాస్, ఆయన సహచరులు నిరూపించిరి. వారు రంగుతో తృప్తి పడక చివరి ఉత్పన్నములను కొలిచిరి. 2010 లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము ఐఎస్‌ఓ 10678 కూడ ఈ రంగును అతినీలలోహిత కాంతితోనే వాడుచున్నది. ఇక రంగునుండి స్ఫటికమునకు ఎలక్ట్రాను పోవుట దానంతట అది దోషము కాదు. 1991 లో ఓ'రీగన్, గ్రెట్జెల్ ప్రకటించిన సౌరఘటము ఆ చర్యపైననే నిలిచినది. ఒకచోట పరికరమునకు ప్రాణమైనదే మరియొకచోట పరీక్షకు లోపమైనది.

నీటి శుద్ధి విషయములో ఈ భేదము మాటలకు సంబంధించినది కాదు. మిథిలీన్ బ్లూ అయానులో 16 కార్బను పరమాణువులు కలవు. రంగునిచ్చు భాగము తెగిన వెంటనే నీలము పోవును. మిగిలిన ముక్కలు కంటికి కనబడక నీటిలోనే ఉండవచ్చును. పూర్తిగా నాశనమైనచో ఒక్కొక్క అయానునకు 16 కార్బన్ డయాక్సైడు అణువులు రావలెను. అద్దకపు మురుగునీరు తెల్లబడినదని చెప్పుట వేరు, త్రాగుటకో సేద్యమునకో పనికివచ్చునని చెప్పుట వేరు.

పాఠశాలలో ఇంతటి కొలతలు సాధ్యము కావు. కాని నాలుగు పాత్రలు సాధ్యమే. మొదటి దానిలో రంగు, పొడి ఉంచి ఎండ తగులనీయవలెను. రెండవదానికి నల్లకాగితము చుట్టవలెను. అందులో రంగు తగ్గినచో అది పొడికి అంటుకొన్నదని అర్థము. మూడవదానిలో పొడి లేక రంగు మాత్రమే ఎండలో ఉండవలెను. నాలుగవదానిని ఎర్రగాజు వెనుక ఉంచవలెను. ఆ కాంతిని సాధారణ టైటానియం డయాక్సైడు గ్రహింపలేదు, రంగు గ్రహింపగలదు. పొడిని అడుగునకు దిగనిచ్చిన పిమ్మటనే రంగులను పోల్చవలెను. చివర తెల్లబడిన ద్రావణమును గాలితో కుదిపి, నీలము తిరిగి వచ్చునేమో చూడవలెను.

ఈ నాలుగు పాత్రలు ప్రక్కప్రక్కన నిలిచిన ప్రదర్శనలో ముచ్చట కొంత తగ్గవచ్చును. ఒకవేళ నాలుగవ పాత్ర కూడ వెలిసినచో, విద్యార్థి ముందుగా వ్రాసికొన్న వాక్యమును కొట్టివేయవలసి వచ్చును. ఆ కొట్టివేతను చూచి మార్కులు తగ్గింపక హెచ్చించు ఉపాధ్యాయుడు ఆ రోజు పాఠమును చక్కగా చెప్పినవాడగును.