137 ఏం చెబుతుంది? లాగ్ సందేశాలపై ఒక విమర్శ

జావా ప్రోగ్రాంలో హీప్ నిండిపోయి ‘అవుట్ ఆఫ్ మెమరీ’ ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేయాలో మనమే ముందుగా నిర్దేశించవచ్చు. జె.వి.ఎం.లో ఇందుకు ‘ఆన్ అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్’ అనే ఆప్షన్ ఉంది. దానికి ‘కిల్ -9’ ఆదేశం ఇస్తే ప్రోగ్రాం వెంటనే ఆగిపోతుంది. ఎగ్జిట్ కోడ్ 137గా నమోదవుతుంది.

ఈ సంఖ్య 128కి సిగ్నల్ సంఖ్య 9 కలపగా వచ్చింది. లినక్స్ కెర్నల్ మెమరీ చాలక ఒక ప్రాసెస్‌ను ఆపినప్పుడు పంపేదీ ఈ 9వ సిగ్నలే. కాబట్టి 137ను బట్టి ప్రాసెస్ ఎలా ఆగిందో తెలుస్తుంది గాని, ఎవరు ఆపారో తెలియదు.

కొన్ని పర్యవేక్షణ సాధనాల లోపం ఇక్కడే ఉంది. 137 కనబడగానే ‘మెమరీ పరిమితి దాటినందున సిస్టమ్ ఆపివేసింది’ అని రాసే సాధనం తన ఊహను వాస్తవంగా నమోదు చేస్తోంది. దాన్ని నమ్మిన ఇంజనీరు కంటైనర్ మెమరీని 2 జీబీ నుంచి 4 జీబీకి పెంచారనుకుందాం. ‘ఎక్స్‌ఎంఎక్స్’ ఆప్షన్‌తో 1 జీబీగా పెట్టిన హీప్ పరిమితి మాత్రం అలాగే ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది, ఎర్రర్ మళ్లీ వస్తుంది.

నిజం తెలుసుకునే దారులు లేకపోలేదు. కెర్నల్ ఆపితే కెర్నల్ లాగ్‌లో ఆ ప్రాసెస్ పేరు ఉంటుంది. జె.వి.ఎం. ఆపితే, అమలు చేయబోయే ఆదేశాన్ని అది ముందే తన అవుట్‌పుట్‌లో ముద్రిస్తుంది. ఈ రెండూ చూడని సాధనం ‘9వ సిగ్నల్‌తో ఆగింది, కారణం తేలలేదు’ అని రాయడమే సరైనది. లాగ్ చదివేటప్పుడు చూసిన విషయాన్ని, ఊహించిన కారణాన్ని వేరు చేయడం మీరు అలవరచుకోవాలి.