పదగానము - చిన్నగోష్ఠి

క్షేత్రయ్య పదములు తెలుగువారికి రెండు మార్గముల సంక్రమించినవి. ఒకటి గ్రంథమార్గము, రెండవది కంఠమార్గము. గ్రంథమార్గమున వచ్చినవానికి సామాన్యముగా రాగతాళముల పేరులు మాత్రము శీర్షమున నుండును. ఆ రాగమున నా పదమెట్లు నడచునో యచ్చుపుట చెప్పజాలదు. కంఠమార్గమున వచ్చినవానికి నడక కలదు గాని చరణములు పెక్కు లోపించినవి. ఈ రెండు మార్గములు విడిపోవుటచే గలిగిన నష్టమెట్టిదో తెలియుటకు చెన్నపురియందలి యొక యింటిగోష్ఠి మంచి నిదర్శనము.

ఆ యిల్లు వీణ ధనమ్మాళ్ (1867-1938) నివసించినది. జార్జిటౌనునందలి యామె గృహమున శుక్రవారము సాయంకాలము గానగోష్ఠి జరుగుచుండెడిది. వినవచ్చువారు కొలదిమంది, వారిలో ననేకులు సంగీతమర్మజ్ఞులు. మాటలాడుట యచ్చట నిషిద్ధప్రాయము. ఆమె వీణ మీటుచు దానికి దోడుగా దానే పాడుచుండెడిది. ఆమె మాతామహి కామాక్షి తంజావూరి యాస్థాననర్తకి. క్షేత్రయ్యపదములను ధనమ్మాళ్ బాలదాసు నాయుడను నంధగాయకునివలన నేర్చెను. కృష్ణామండలమునందలి మొవ్వగ్రామపు గోపాలుని పేర 17వ శతాబ్దియందు వెలసి, విజయరాఘవనాయకుని తంజావూరిసభలో నాదరము గాంచిన తెలుగుపదము, రెండువందల యేండ్లకు మీరిన పిమ్మట నరవము మాతృభాషగా గల యింట నిలిచెను.

అట్లు నిలుచుటకు గోష్ఠి చిన్నదగుటయే యొక ముఖ్యహేతువు. పదము విలంబకాలమున నడచునది. ఒక్కొక్క యక్షరముపై రాగము నిలిచి, గమకములతో గదలి, పిమ్మటగాని తరువాతి యక్షరమును జేరదు. వర్ణముల యత్యంతసామీప్యమును పాణిని సంహిత యన్నాడు. పదగానమున నా సామీప్యము చెడుచున్నదని వైయాకరణు డాక్షేపింపవచ్చును. 'వలపు' అను మాటలో 'వల' యని వినబడి, 'పు' యను నక్షరము జాప్యముతో వచ్చినచో, వినువాడు జాలమను నర్థమును గ్రహింపడా యని ప్రశ్న.

దీనికి సమాధానము వ్యాకరణమునందే కలదు. పూర్వధ్వనులు నశించినను వాని సంస్కారము శ్రోతృబుద్ధియందు నిలుచుననియు, అంత్యధ్వనితో శబ్దము స్ఫుటమగుననియు భర్తృహరి వాక్యపదీయమున నిరూపించెను. సాధారణభాషణమున నా సంస్కారము క్షణకాలము నిలిచిన జాలును. విలంబపదమున జాలసేపు నిలువవలయును. అది నిలుచుటకు నిశ్శబ్దమును సామీప్యమును వలయును. మహాసభలో దూరమున గూర్చున్నవాడు 'వల' యని విని, 'పు' వినబడకమునుపే ప్రక్కవాని దగ్గుచే దానిని గోల్పోవును. కావున గోష్ఠి చిన్నదగుట ధనికుల విలాసము గాదు, అర్థబోధకు సాధనము. వీణయు నిందులకు దోడ్పడును. మీటు సాహిత్యాక్షరమున బడుటచే నక్షర మెచ్చట మొదలగునో స్పష్టపడును.

పదమును పల్లవితో గాక యనుపల్లవితో నారంభించు సంప్రదాయ మొకటి గలదు. పండితుల కిది వ్యుత్క్రమముగా దోచును. కాని సాకాంక్షమగు భాగము ముందు వచ్చి, దానిని బూరించునది పిదప వచ్చుట తెలుగువాక్యమునకు సహజమే. పల్లవి వచ్చువఱకు నాకాంక్ష శమింపదు. దీనికిని వాక్యమును మనసున నిలుపుకొను శ్రోతయే కావలయును.

ఐనను కంఠమార్గమున దోషము లేదనుట సత్యము గాదు. పల్లవిని, అనుపల్లవిని, ఒక్క చరణమును బాడి విడుచుట గాయకులలో వాడుకయైనది. మూడునిమిషములకు మించి పట్టని గ్రామఫోను పలకయు నీ సంక్షేపమున కనుకూలించెను. పల్లవియందు నాయిక కోపము మాత్రము తెలియును. కోపకారణము తఱచుగా జరణములందు గాని బయల్పడదు. అవి లేనిచో నామె ఖండితయో కలహాంతరితయో నిర్ణయించుట దుష్కరము. స్వరము రసమును బోషించును గాని విభావమును జెప్పజాలదు.

తెలుగునాట పదమును అభినయముతో నిలిపినవారు కళావంతులు. బాలికలను దేవాలయములకు సమర్పించు నాచారమును నిషేధించుచు మద్రాసు రాష్ట్రమున 1947లో శాసనము వచ్చెను. ఆ నిషేధము న్యాయమే. కాని యా స్త్రీల కంఠములందున్న పాఠములను వ్రాసికొను పని యంతకుమునుపే చేయవలసినది. కొందఱు చేసిరి, పెక్కురు శృంగారమని ముఖము త్రిప్పుకొనిరి. శృంగారమును విడిచితి మనుకొన్నవారు తెలుగుపాఠమును గూడ విడిచిరి. చెన్నపురిలోనో, ధనమ్మాళ్ దౌహిత్రులగు బృంద (1912-1996), ముక్త పదములను గానమునందును, బాలసరస్వతి (1918-1984) అభినయమునందును నిలిపిరి.

నాలుగువేలకు మించి రచింపబడినవని చెప్పబడు పదములలో లభించినవి కొన్ని వందలు మాత్రమే. వానినైన నిలుపవలెనన్నచో పండితుడు గాయకులపాఠమును, గాయకుడు గ్రంథమునందలి చరణములను ఆదరింపవలయును. ఏ పాఠశాలయందైనను ఒక గదిలో నిరువది మందిని గూర్చుండబెట్టి, పాడువా రొకరు, అర్థము చెప్పువా రొకరుగా ఒక్క పదమును సమగ్రముగా వినిపింపవచ్చును. దీనికి మహాసభ యక్కఱలేదు. ఒక సాయంకాలము చాలును.