సైకిలు దారికో సమీక్ష

పుస్తకం అచ్చయితే సమీక్ష రాస్తారు. సినిమా వస్తే మొదటాట చూసొచ్చి మరీ రాస్తారు. ఇక పెళ్ళిభోజనం సంగతి చెప్పనే అక్కర్లేదు, చేతులు కడుక్కునేలోపే పదిమంది విమర్శకులు తయారవుతారు. మరి మన డబ్బుతో మన ఇంటిముందు వేసిన దారిని మాత్రం ఎవరూ సమీక్షించరేం? అందుకే ఈ వారం ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను. సమీక్షకు తీసుకున్నది మా కాలనీ పెద్దరోడ్డు పక్కన వేసిన సైకిలు దారి. పొడవు కిలోమీటరున్నర. రంగు ఆకుపచ్చ. కర్త ఎవరో తెలియదు. సైకిలు తొక్కే మనిషి కాదని మాత్రం మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

ఇదంతా మా మనవరాలి వల్ల వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. బడి మా ఇంటికి రెండు కిలోమీటర్లు. "అమ్మమ్మా, సైకిలు దారి వేశారుగా, ఇంకా ఆటో ఎందుకు? నేను సైకిలు మీద వెళతాను" అని పట్టుబట్టింది. మా అమ్మాయికీ అల్లుడికీ పొద్దున్నే ఆఫీసుల పరుగు. "అమ్మా, ఆ దారేదో నువ్వే ఒకసారి చూసి చెప్పు. నువ్వు సరేనంటే సరే" అని తీర్పు నా మీద పెట్టేసింది మా అమ్మాయి.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. 1974లో నాకూ ఇంచుమించు అదే వయసు. మా అన్నయ్య అద్దెకు తెచ్చిన సైకిలు మీద, బారు కిందనుంచి కాలు దూర్చి, పరికిణీ చైనులో పడి చిరిగినా వదలకుండా నేర్చుకున్నాను. ఒక్క వేసవి తొక్కాను. ఆ తర్వాత మా నాయనమ్మ, "పెద్దదానివవుతున్నావు, ఇంకా వీధుల్లో సైకిలేమిటే?" అంది. అంతే, అక్కడితో సరి. ఆ రోజున నాకు అడ్డం వచ్చిన పెద్దావిడ స్థానంలో ఇవాళ నేనున్నాను. చచ్చినా నేను అడ్డం రాకూడదనుకునే బయల్దేరాను.

సరిగ్గా బడి వేళకే వెళ్ళాను. ఎండకి గొడుగు, కొలతకి కుట్టుమిషను డబ్బాలోని టేపు పట్టుకెళ్ళాను. ఆరంభం బాగానే ఉంది. కొత్త చీర మడత విప్పినట్టు నున్నగా ఉంది. మధ్యలో ముచ్చటగా సైకిలు బొమ్మ. నూరడుగులు వేశానో లేదో, ఎదురుగా ట్రాన్స్‌ఫార్మరు! దారికి నట్టనడుమ నిలబడి ఉంది. రంగు వేసినవాళ్ళు దాని కాళ్ళచుట్టూ కూడా శ్రద్ధగా ఆకుపచ్చ పూసి వెళ్ళారు. అక్కడ సైకిలు దిగాలి, జానెడెత్తు గట్టు మీదనుంచి రోడ్డు మీదికి దించాలి, ట్రాన్స్‌ఫార్మరు దాటాక మళ్ళీ ఎత్తాలి. వీపున బండెడు పుస్తకాలున్న పిల్ల రోజూ చెయ్యవలసిన కసరత్తు ఇది.

ఆపైన వరసగా మూడు కార్లు నిలిపి ఉన్నాయి. ఆ తర్వాత కొబ్బరిబోండాల బండి, ఇస్త్రీబల్ల. బండివాళ్ళను నేను తప్పుపట్టను. మా చీరలు ఇస్త్రీకి ఇచ్చేది ఆ బల్ల దగ్గరే. వాళ్ళకంటూ ఓ చోటు చూపించకుండా గీత గీసేస్తే వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు? మరికొంచెం ముందు మురుగు కాలవ మీద ఇనప జల్లెడ ఉంది. దాని సందులు దారికి అడ్డంగా ఉంటే చక్రం సులువుగా దాటిపోతుంది. ఇక్కడ నిలువుగా ఉన్నాయి. సన్నటి చక్రం అందులోకి దిగితే పిల్ల ఎగిరి ముందుకు పడుతుంది. మా ఇంట్లో ముగ్గుపిండి జల్లెడ పెట్టేటప్పుడు కూడా నేను ఇంతకన్నా ఆలోచిస్తాను.

ఇక కథలో కీలక ఘట్టం చౌరస్తా. బస్సులూ లారీలూ నాలుగు వైపులనుంచీ మలుపు తిరిగేది అక్కడే, సైకిలు మనిషికి తోడు కావలసిందీ అక్కడే. సరిగ్గా అక్కడికి ముప్ఫై గజాల ముందు మన దారి మాయమైపోయింది! చౌరస్తా అవతల మళ్ళీ ఏమీ ఎరగనట్టు మొదలయింది. ఏటికి రెండు గట్ల మీదా తివాచీ పరిచి, వంతెన కట్టడం మానేసినట్టుంది వ్యవహారం.

అక్కడ నిలబడి చూస్తూంటే, అపార్టుమెంట్లలో వంటపని చేసే ఒకామె సైకిలు మీద వచ్చింది. ఆకుపచ్చ దారిలో కాదు, పెద్దరోడ్డు మీదే. "నీకోసం దారి వేశారుగా తల్లీ, అందులో రావేం?" అని అడిగాను.

"అందులో ఎక్కీ దిగీ వచ్చేసరికి నాలుగిళ్ళ పనికి ఆలస్యమైపోద్దమ్మా. ఇదివరకు రోడ్డు మీద పోతే ఎవరూ ఏమనేవాళ్ళు కాదు. ఇప్పుడు నీ దారిలో నువ్వు పో అని హారన్లు కొడతన్నారు" అంది.

ఈ ఒక్క మాటతో నా సమీక్ష సగం అయిపోయింది. చెడ్డ దారి వల్ల లాభం లేకపోవడమే కాదు, ఉన్న కాస్త చోటూ పోతోంది.

ఎలా వెయ్యాలో మనవాళ్ళకు తెలియక కాదు సుమండీ. సైకిలు దారులెలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే పుస్తకం వేసింది. కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలని అందులో ఉంది. 2015లో దాన్ని తిరగరాశారు కూడా. నా టేపు పొడవు 60 అంగుళాలు, అంటే మీటరున్నర. మా దారికి అడ్డంగా పరిస్తే ఇంకా నాలుగంగుళాలు నా చేతిలోనే మిగిలింది!

హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన నీడకి సౌరఫలకాల కప్పు. ఎండలూ వానలూ తెలిసినవాళ్ళు చేసిన ఆలోచన అది, మెచ్చుకోవలసిందే. కాని ఊరి మధ్యలో ఉన్నవాళ్ళు అక్కడ తొక్కాలంటే ముందు సైకిలును కారులో వేసుకుని వెళ్ళాలి. అది వ్యాయామానికి వేసిన దారి. బడికీ, బజారుకీ, పనికీ వెళ్ళే దారి వేరు. ఆ రెండో దానికి ఆ శ్రద్ధలో పావువంతు దక్కినా చాలు.

నెదర్లాండ్స్ సైకిళ్ళ దేశమని అందరూ అంటారు. అదేమీ పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 1971లో ఆ చిన్న దేశంలో 3,000 మందికి పైగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లులూ తండ్రులూ 'పిల్లల హత్య ఆపండి' అంటూ వీధుల్లోకి వచ్చారు. దానికి తోడు 1973లో చమురు కరువొచ్చింది. అక్కడి దారులు ఆ పోరుతో మొదలయ్యాయి. ఇవాళ అక్కడ మంచి కూడళ్ళలో సైకిలు దారి ఆగిపోదు. మలుపు దగ్గర చిన్న తిన్నె కట్టి, కారు నెమ్మదించక తప్పని ఏర్పాటు చేస్తారు.

మన బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దానివల్ల 32 శాతం పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కకట్టారు. బడి దూరమైన ఊళ్ళలోనే ఆ మేలు ఎక్కువట. ఆడపిల్లకు సైకిలంటే ఆటవస్తువు కాదని ఇంతకన్నా ఎవరు చెప్పాలి?

సరే, తీర్పు. దారికి పదికి రెండు మార్కులు. ఒకటి రంగుకి, ఒకటి వెయ్యాలన్న బుద్ధి పుట్టినందుకు. మరి మా మనవరాలికి ఏం చెప్పాను? "వద్దు" అనడానికి నోరు రాలేదు. నాయనమ్మ గొంతు నా గొంతులోంచి వస్తుందేమోనని భయం వేసింది. "సరే" అనడానికి ధైర్యమూ చాలలేదు. చివరికి లోపలి వీధుల్లోంచి ఒక దారి కనిపెట్టాం. చౌరస్తా ఒక్కటే తప్పదు. అక్కడ సైకిలు దిగి నడిపించాలి. ఆ వేళకి నేనక్కడ గొడుగుతో నిలబడతాను, ఇద్దరం కలిసి దాటుతాం. దాటాక అది తొక్కుకుంటూ పోతుంది, వెనక్కి కూడా చూడదు. అలా పోతూంటే నాకు ఎంత బావుంటుందో!

కాని చౌరస్తాకొక అమ్మమ్మను ఎక్కడనుంచి తెస్తాం? అందుకే టేపు కొలతలన్నీ వేసి వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చాను. ట్రాన్స్‌ఫార్మరు జరపమని, జల్లెడ తిప్పి వెయ్యమని, చౌరస్తాలో దారి కలపమని. జల్లెడ తిప్పడానికి ఒక పూట కూలీ తప్ప ఏమీ ఖర్చు లేదు. మీ వీధిలో కూడా ఇలాంటి ఆకుపచ్చ గీత ఉంటే, ఒక్కసారి బడి వేళకి నడిచి చూడండి. వెళ్ళేటప్పుడు కుట్టు టేపు మర్చిపోకండి.