షూబర్టు ‘అసంపూర్ణ’ సింఫనీ

కొన్ని కృతులకు వాని పేరే శత్రువగును. ఫ్రాంజ్ షూబర్టు 1822వ సంవత్సరమున వియన్నా నగరమున రచించిన బి మైనరు సింఫనీకి ‘అసంపూర్ణము’ అను పేరు స్థిరపడినది. ఆ పేరు విన్నంతనే శ్రోత జాలిపడుటకు సిద్ధపడును. ముప్పదియొకటవ యేట కన్నుమూసిన సంగీతకర్త, చేతినుండి జారిన కలము — ఇట్టి కథ యొకటి చెవికిని సంగీతమునకును నడుమ తెరవలె దిగును. ఆ తెరను తొలగింపవలెనని మా తలంపు.

మృత్యువు ఈ రచన నాపలేదు. వ్రాతప్రతిపై గల తేది 1822 అక్టోబరు 30. షూబర్టు మరణించినది 1828 నవంబరు 19. ఈ నడిమి కాలముననే అతడు సి మేజరు మహాసింఫనీని ముగించెను. రెండు భాగములతోనే చాలింపదలచెనను వాదమును నిలువదు. ఏలయన మూడవ భాగమునకు పియానో చిత్తు చాలవరకు గలదు. వ్రాతప్రతి చిరకాలము మిత్రుడగు అన్సెల్మ్ హ్యూటెన్‌బ్రెన్నరు కడనుండి, 1865 డిసెంబరు 17న యోహాన్ హెర్బెక్ నాయకత్వమున వియన్నాలో తొలిసారి వినబడెను. నాడే షూబర్టు మూడవ సింఫనీ చివరి భాగమును తెచ్చి దీని కతికిరి. లోటు పూడ్పవలెనను ఆతురత అంత పాతది.

ఇక సంగీతమును విందము. మన సంగీతమున ఆధారషడ్జము కదలదు. తంబురా దానికి సాక్షి. పాశ్చాత్య సింఫనీలో షడ్జమే స్థానము మార్చును. ఇల్లు విడిచి పొరుగూళ్లు తిరిగి మరల ఇల్లు చేరుటయే అందలి కథ. మేజరు మన శంకరాభరణమునకును, మైనరు నఠభైరవికిని దగ్గర. మైనరులో మొదలైన కృతి తన సాధారణ గాంధారమును క్రొత్త షడ్జముగా గొని, రెండవ వరుసను అచ్చట వినిపించి, కడపట దానిని స్వస్థానమునకు దెచ్చుట ఆనాటి ఆచారము.

షూబర్టు కృతిలో సెల్లోలును డబుల్ బాసులును, తోడులేక, అతి మెల్లగా, నేలలోపలినుండి వచ్చినట్లు ఒక వరుస పలుకును. పిదప వయొలిన్ల కదలికపై ఓబోయు క్లారినెట్టును కలిసి పాడును. బి షడ్జముగా స్థిరపడగానే కొమ్ములును బసూనులును డి స్వరమును పట్టి నిలుచును. ‘ఇదిగో గాంధారము, ఇక నిదియే షడ్జమగును’ అని ఆచార మెరిగిన శ్రోత యనుకొనును. కాని నాలుగు ఆవర్తములలో ఆ డి, జి మేజరునకు పంచమమై కూర్చుండును. శుద్ధ ధైవతము షడ్జమైనది! ఇతరులు పుటలు నింపి చేయు ప్రయాణమును ఇతడు ఒక స్వరమునకు అర్థము మార్చి ముగించెను.

అచ్చట సెల్లోలు పాడు రెండవ వరుస లోకప్రసిద్ధము. దానికి పరవశులగుట సులభము. అది తెగుటను గమనించుట ముఖ్యము. వయొలిన్లు అందుకొని పాడుచుండగా వాక్యము నడుమ ఆగును. ఒక ఆవర్తము నిశ్శబ్దము. పిమ్మట బృందమంతయు సి మైనరులో విరుచుకుపడును. విస్తారభాగమున ఆ వరుస రానేరాదు. దాని వెన్నంటి కొట్టుకొనుచుండిన లయ మాత్రము, పాటలేని తాళమువలె, మిగులును. తిరుగుదలయందు ఆ వరుస బి స్థానమునకు వచ్చునని యెదురుచూతుము. అది డి మేజరున వచ్చును. మొదట తప్పిపోయిన గాంధారము ఇంత ఆలస్యముగా దొరకినది. తుదను బి మేజరు వెలుగు కొంత కనబడినను, ఆరంభపు సెల్లో వరుస మరలివచ్చి దాని నార్పి, మైనరులోనే ముగించును. నిజమైన అసంపూర్ణత ఇదియే, ఇది తెలిసి చేసినది.

లోపము లేదని మేమనము. రెండవ భాగము ఇ మేజరు. అందు క్లారినెట్టు సి షార్ప్ మైనరులో పాడు ఏకాంత గీతము అపూర్వము. కాని రెండు భాగములును మూడు మాత్రల నడకయే, వేగమునను పెద్ద భేదము లేదు. బి మైనరు వేసిన ప్రశ్నకు ఇ మేజరు, అనగా వేరొక యిల్లు, శాంతి నిచ్చునేగాని సమాధానము చెప్పదు. ఇది కొరతయే. కొరతను దాచి పొగడుటయు, కొరతను జూచి కంట నీరు పెట్టుటయు, రెండును వినకుండుటయే.

ఆచారమును కేకలువేసి కూలద్రోయువారు పలువురు గలరు. దానిని పూర్తిగా ఎరిగి, దాని మాటకే క్రొత్త యర్థము చెప్పి మార్చువారు కొందరు. షూబర్టు ఈ రెండవ తెగవాడు. పాఠకులు ఈ సింఫనీని వినునప్పుడు కథను మరచి, ఆ డి స్వరము నిలుచు చోట చెవి యొగ్గుదురుగాక!