నా ఉత్తరాలు నా డిస్క్ మీద

మహబూబ్‌నగర్‌లో నెట్ లేని పూట కూడా నా పాత ఈమెయిల్ ఉత్తరాలన్నీ తెరుచుకుంటాయి. అవి ఎక్కడో సర్వర్‌లోనే కాదు, నా డిస్క్ మీదా ఉన్నాయి. తెచ్చిపెట్టేది ఎంబీసింక్. వెతికేది నాట్‌మచ్. చదవడానికి మట్, పంపడానికి ఎంఎస్‌ఎంటీపీ. దేని పని దానిదే.

ఇన్నెందుకు, ఒక్క యాప్ చాలదా అని మిత్రులు అడుగుతుంటారు. జవాబుగా ఆసు యంత్రం గురించి చెబుతాను. మన ఆలేరు చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం బట్ట నేయదు, రంగు అద్దదు. ఆసు పోస్తుంది, అంటే నేతకు ముందు నూలు చుడుతుంది, అంతే. ఆ ఒక్క పని యంత్రం అందుకున్నందుకే పోచంపల్లి చీర వెనక ఉన్న ఆడవాళ్ల భుజాలకు ఊరట దొరికింది. మగ్గం మార్చాల్సిన అవసరం రాలేదు. డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టగా 1973లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో చేర్చిన పైపుల (ఒక ప్రోగ్రామ్ ఫలితాన్ని మరోదానికి అందించే దారుల) వెనక ఉన్నదీ ఒక్కోదానికి ఒక్కో పని అన్న ఈ ఆలోచనే.

ఉత్తరాలు దాచే పద్ధతి మెయిల్‌డిర్. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైల్. ముందు ‘టెంప్’ అరలో పూర్తిగా రాసి, ఆ తర్వాతే ‘న్యూ’లోకి జరుపుతారు. మధ్యలో కరెంటు పోయినా ‘న్యూ’లో సగం ఉత్తరం ఉండదు. డేనియల్ బెర్న్‌స్టీన్ చేసిన ఈ ఏర్పాటంటే నాకు చాలా గౌరవం.

తెలుగువాళ్లకు చిక్కు వేరేచోట ఉంది. ఫైల్ విప్పి చూస్తే తెలుగు కనిపించదు. మెయిల్‌లో మన లిపి ఎక్కువగా బేస్64 అనే సంకేత రూపంలో ప్రయాణిస్తుంది. సబ్జెక్ట్ ‘నల్లగొండ’తో మొదలైతే ఫైల్లో ఆ మాట ‘4ఎల్‌సి’ అని మొదలవుతుంది. యూనికోడ్‌లో (యూటీఎఫ్-8 రూపంలో) ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, బేస్64లో అవి నాలుగు అక్షరాలవుతాయి. అందుకే ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌తో ‘నల్లగొండ’ అని వెతికితే అలాంటి ఉత్తరాల్లో ఏమీ దొరకదు. కార్ల్ వర్త్ 2009లో మొదలుపెట్టిన నాట్‌మచ్ ఆ ముడి విప్పి చదివి, సూచిక కట్టుకుంటుంది. తెలుగులో ఉత్తరాలు రాసుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది దాని పేరే.

మట్‌లో తెలుగు చదవడం మాత్రం ఇంకా కష్టమే. మట్ నడిచే టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా పంచుతుంది, మన ఒత్తులు, గుణింతాలు వాటిలో ఇమడవు. పొడుగు తెలుగు ఉత్తరాన్ని నేను మట్ నుంచి టెక్స్ట్ ఎడిటర్‌కు పంపి చదువుకుంటాను. పని జరుగుతుంది గానీ, ఇలాగే ఉండిపోకూడదు.

నల్లగొండ, పాలమూరు ఇంజినీరింగ్ విద్యార్థులారా, ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే టెర్మినల్‌లో తెలుగు సరిగ్గా కనిపించేలా చేసే పని చేపట్టండి. ఈ పరికరాలన్నీ ఫ్రీ సాఫ్ట్‌వేరే, సోర్స్ కోడ్ ఎవరైనా దించుకోవచ్చు.