కదలని బండి చెప్పు పాఠము
(ఇంటిలో కూర్చు రోబోటు పెట్టెలపై ఒక విమర్శ)

"రోబోటు" అను మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన ఒక నాటకము ద్వారా లోకమునకు తెలిసినది. ఆ నాటకములోని రోబోటులు మనుష్యుల వలె నుండు కృత్రిమ కార్మికులు. నేడు కొరియర్ ద్వారా మన ఊళ్లకు వచ్చుచున్న రోబోటు అట్టిది కాదు. అది రెండు చక్రముల చిన్న బండి. అడ్డు వచ్చినచో ఆగి ప్రక్కకు తిరుగును. లేదా నేలపై గీచిన నల్లని గీత వెంబడి పోవును. దాని భాగములన్నియు విడివిడిగా ఒక పెట్టెలో నుండును. విద్యార్థి వానిని కూర్చుకొనవలెను. ఇట్టి పెట్టె వెల సుమారు పదిహేను వందల రూపాయల నుండి రెండు వేల ఐదు వందల వరకు ఉండును.

బి.కొత్తకోటలోని ఒక విద్యార్థి యిట్టి పెట్టెను తెప్పించెననుకొందము. సెలవుదినమున కూర్చుండి, పటము చూచి, స్క్రూలు బిగించి, తీగలు కలిపెను. మీట నొక్కెను. దీపము వెలిగినది, కాని బండి కదలలేదు. ఇప్పుడేమి చేయవలెను? పెట్టెతో వచ్చిన కరపత్రమును త్రిప్పి చూచినచో అందు దీనికి సమాధానము సాధారణముగా కానరాదు. మారు భాగము కొనుటకు పెద్ద ఎలక్ట్రానిక్ బజారనదగినది బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డు, అది నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. పర్యవసానమేమనగా, పెట్టె అటక యెక్కును. "మనవానికి సైన్సు అబ్బలేదు" అని యింటిలోనివారు తీర్మానింతురు. ఆ తీర్మానము అన్యాయమైనది. లోపము విద్యార్థిలో లేదు. పెట్టెను రచించిన విధానములో నున్నది. ఆ లోపమును విచారించుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట గుణములను చెప్పుట న్యాయము. ఈ బండికి మెదడు వంటిది ఆర్డుయినో అను పలక. 2005లో ఇటలీ దేశపు ఇవ్రియా పట్టణములో, ఎలక్ట్రానిక్ విద్య తెలియని విద్యార్థులు గూడ ఉపయోగించుకొనునట్లు దీనిని రూపొందించిరి. దాని నమూనాను రహస్యముగా నుంచక లోకమునకు వెల్లడించుటచే ఎవరైనను దానిని తయారుచేయగలుగుచున్నారు. అందుచేతనే వెల తగ్గినది. రెండు గేరు మోటారులు, వానిని నడుపు మరియొక పలక, అతిధ్వని తరంగములతో దూరమును కొలుచు సాధనము, బాటరీ గూడు, కొన్ని తీగలు – ఇంతమాత్రపు సామగ్రిలో బలము, విద్యుత్తు, ధ్వని, తర్కము అన్నియు ఒకచో చేరినవి. పాఠ్యపుస్తకములో వేరువేరు అధ్యాయములలో నున్న విషయములను ఇంత చౌకగా ఒకచో చేర్చు వస్తువు మరియొకటి అరుదు.

ఇక కరపత్రము సంగతి. అది సాధారణముగా ఆంగ్లమున నుండును. ఏ తీగ నెచ్చట కలుపవలెనో పటము చూపును. సిద్ధముగా వ్రాసిన ప్రోగ్రామును దించుకొనుమని చెప్పును. అన్నియు సరిగా జరిగినచో ఏమగునో చెప్పును గాని, జరుగనిచో ఏమి చేయవలెనో చెప్పదు. వంట చెప్పువారు కూడ ఉప్పెక్కువైనచో ఏమి చేయవలెనో చెప్పుదురు; ఈ కరపత్రము ఆ మాత్రము సాయమైనను చేయదు. కాని విజ్ఞానమంతయు దాగియున్నది ఆ "జరుగనిచో" అను మాటలోనే. ఉదాహరణములు చూతము.

అన్నిటికంటె తరచుగా కనబడు లోపము తొమ్మిది వోల్టుల చిన్న బాటరీకి సంబంధించినది. దీపము వెలుగును, మోటారు తిరుగబోవును, వెంటనే దీపము ఆరి మరల వెలుగును. బాటరీని మల్టీమీటరుతో కొలిచినచో తొమ్మిది వోల్టులు చూపును. "బాటరీ బాగుగనే యున్నది, పలకయే చెడినది" అని విద్యార్థి భ్రమపడును. వాస్తవమేమి? ప్రతి బాటరీకిని అంతర్నిరోధము కలదు. అది 2 ఓములనుకొందము. మోటారులు రెండును నిశ్చలస్థితి నుండి కదలునపుడు అధికమైన విద్యుత్ప్రవాహమును కోరును. అది ఒకటిన్నర ఆంపియర్లయినచో, బాటరీలోపలనే 3 వోల్టులు పతనమగును. బయటకు వచ్చునది 6 వోల్టులు మాత్రమే. ఆర్డుయినో పలకకు ఆ ద్వారమున కనీసము 7 వోల్టులు ఉండుట మంచిది. ఒత్తిడి చాలనందున పలక నిద్రించి మరల మొదటినుండి ప్రారంభించును. అప్పుడు మోటారులు ఆగును, ఒత్తిడి పెరుగును, పలక మేల్కొని మోటారులను మరల నడుపబోవును. ఈ చక్రము అంతులేక సాగును.

ఇంటర్మీడియట్ విద్యార్థులు విద్యుచ్చాలక బలమునకును, ధ్రువముల మధ్య పొటెన్షియల్ భేదమునకును గల వ్యత్యాసమును కంఠస్థము చేయుదురు. ఆ వ్యత్యాసము కంటికి కనబడుట ఇచ్చటనే. బండిని ఎత్తిపట్టి, మోటారులు నడుపబోవు క్షణమున బాటరీ ధ్రువముల మధ్య కొలిచినచో ముల్లు గాని అంకె గాని దిగజారుట స్పష్టముగా తెలియును. భారము లేనపుడు కొలిచిన కొలత, భారమున్నపుడు కొలిచిన కొలత ఒకటి కావు. ఈ యొక్క వాక్యము కరపత్రములో నున్నచో ఎన్ని పెట్టెలో అటక యెక్కకుండెడివి!

రెండవ లోపము మరింత సులభమైనది. కొందరు మోటారులకు ఒక బాటరీని, పలకకు వేరొక బాటరీని పెట్టుదురు. అది మంచి పద్ధతియే. కాని రెండు బాటరీల ఋణధ్రువములను తీగతో కలుపుట మరతురు. వోల్టు అనునది రెండు బిందువుల మధ్య గల భేదమే గాని ఒక బిందువు యొక్క సొత్తు గాదు. హార్సిలీ కొండ యెత్తును సముద్రమట్టము నుండి కొలిచి, మరియొక కొండ యెత్తును దాని పాదము నుండి కొలిచి, రెంటిని పోల్చినచో అర్థమున్నదా? అట్లే పలక పంపిన 5 వోల్టుల సంకేతము, ఉమ్మడి మట్టము లేనిదే మోటారు పలకకు అర్థము కాదు.

మూడవది పెట్టెను కూర్చినవారి ఎంపికలోని లోపము. అనేకములలో మోటారులను నడుపుటకు ఎల్298 అను పాత చిప్పును వాడుదురు. అందలి ట్రాన్సిస్టరులు ఒక ఆంపియర్ ప్రవాహము వద్ద సుమారు 2 వోల్టులను తమలోనే వేడిగా పోగొట్టును. సాధారణ పెన్సిల్ ఘటములు నాలుగు పెట్టినచో 6 వోల్టులలో మోటారుకు చేరునవి 4. మరల చార్జి చేయదగిన నికెల్ ఘటములు పెట్టినచో, ఒక్కొక్కటి 1.2 వోల్టులు గావున, మొత్తము 4.8, చేరునవి 3 వోల్టుల లోపు. బండి మూలుగును గాని కదలదు. ఇంతకంటె చాల తక్కువ నష్టముతో పనిచేయు క్రొత్త చిప్పులు నేడు లభించుచున్నవి. పాతదానినే వాడదలచినచో, ఈ నష్టమును ముందుగనే చెప్పుట ధర్మము.

బండి కదలినను కథ ముగియదు. నేరుగా పొమ్మన్నచో అది ఒక ప్రక్కకు ఒరుగును. ఒకే అచ్చున పోసిన రెండు మోటారులు గూడ సరిసమానముగా తిరుగవు. గీత వెంబడి పోవు బండి పరారుణ కిరణముల పరావర్తనముపై ఆధారపడును. తెల్లని కాగితముపై చక్కగా నడచిన బండి, నల్లని కడప బండలు పరచిన యింటిలో నేలయంతయు గీతయేయని భ్రమపడవచ్చును. కిటికీ గుండా వచ్చు ఎండలోని పరారుణ కిరణములు దానిని మరింత తికమకపెట్టును.

దూరమును కొలుచు సాధనము ఇంకను రసవత్తరమైనది. అది 40,000 పౌనఃపున్యము గల ధ్వనిని పంపి, ప్రతిధ్వని వచ్చు వరకు పట్టు కాలమును కొలుచును. సిద్ధముగా వచ్చు ప్రోగ్రాములో ధ్వనివేగము సెకనుకు సుమారు 343 మీటర్లని వ్రాసియుండును. అది 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గల వేగము. వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో వేగము సుమారు 0.6 మీటరు పెరుగును. వేసవి మధ్యాహ్నమున 40 డిగ్రీలున్నచో వేగము 355 మీటర్లగును; ఒక మీటరు దూరములోని గోడను బండి 97 సెంటీమీటర్లకు లోపలనే యున్నట్లు లెక్కించును. బి.కొత్తకోట మండలములోనే, 1,250 మీటర్లకు పైబడిన యెత్తుననున్న హార్సిలీ కొండపై 10 డిగ్రీల చలిలో అదే గోడ 101 సెంటీమీటర్లకు మించిన దూరమున నున్నట్లు తోచును. ఉష్ణమాపకము, కొలబద్ద, ఈ బండి – మూడుండిన చాలును. ధ్వనివేగమునకు వేడిమితో గల సంబంధమును ఏ పాఠశాలలోనైనను పరీక్షింపవచ్చును. కాని కరపత్రము 343 అను అంకెను మంత్రాక్షరము వలె ఇచ్చి ఊరకుండును.

ఇట్లు చూచినచో ఈ పెట్టెలోని ప్రతి లోపమును ఒక పాఠమే. వానిని దాచి, పటము మాత్రము చూపుట వలన విద్యార్థి తీగలు కలుపు పనివాడగుచున్నాడే గాని శోధకుడగుట లేదు.

పెట్టెను వేరొక విధముగా రచించుట సాధ్యమా యని సందేహింప బనిలేదు. సమాధానము బి.కొత్తకోట పొరుగుననే యున్నది. మదనపల్లె సమీపమున గల రిషివ్యాలీలో 1980ల చివరి సంవత్సరముల నుండి, ఒకే ఉపాధ్యాయుడు గల పల్లె బడుల కొరకు "పెట్టెలో పాఠశాల" యను బోధనసామగ్రిని తయారుచేసిరి. అది రోబోటుకు సంబంధించినది కాదు. చదువు, లెక్కలు నేర్పు కార్డుల పెట్టె. కార్డులు నిచ్చెన మెట్ల వలె అమర్చబడియుండును. క్రొత్త విషయము నేర్పు కార్డు, అభ్యాసపు కార్డు, పరీక్షించు కార్డు – వీనితోపాటు, పరీక్షలో తడబడిన బిడ్డకై మరల నేర్పు కార్డు కూడ ఆ నిచ్చెనలోనే యుండును. తడబాటు సహజమని ముందే యెంచి, దానికి మార్గము నేర్పరచుట ఆ పెట్టె ఘనత. రోబోటు పెట్టెలో లేనిది సరిగా ఆ కార్డే.

ఈ భావము విద్యావేత్తలకు క్రొత్తది గాదు. నేలపై తిరుగు "తాబేలు" బొమ్మను పిల్లలచే నడిపించిన సేమూర్ పాపర్ట్ తన "మైండ్‌స్టార్మ్స్" గ్రంథములో 1980లోనే ఈ విషయమును చర్చించెను. ప్రోగ్రాము ఒప్పా తప్పా యనుట ముఖ్యము గాదనియు, దానిని సరిచేయగలమా యనునదియే ప్రశ్నయనియు ఆయన వాదము. ఆ గ్రంథము పేరుననే 1998లో ఆటబొమ్మల రోబోటు పెట్టె యొకటి లోకప్రసిద్ధి నొందినది. పేరు వ్యాపించినంతగా భావము వ్యాపింపలేదని చెప్పక తప్పదు.

పాఠశాలల వంతు కూడ విచారింపవలసియున్నది. 2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకము క్రింద, ఆరు నుండి పండ్రెండవ తరగతి వరకు గల విద్యార్థులకై పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయ మేర్పరచిరి. దేశమున పదివేల ప్రయోగశాలలు వెలసినవి. అయిదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 నెలకొల్పుదుమని 2025 బడ్జెట్టులో ప్రకటించిరి. కుప్పము సమీపమున 172 ఎకరముల ఆవరణగల అగస్త్య సంస్థ, 1999 నుండి చేతులతో చేసి నేర్చు విజ్ఞానమును పల్లెలకు చేర్చుచున్నది. సామగ్రికి కొరత తగ్గుచున్నది; కాని వైజ్ఞానిక ప్రదర్శనలలో మార్కులు వేయు పద్ధతి మారనిచో ఫలమేమి? న్యాయనిర్ణేతలు వచ్చిన క్షణమున బండి నడచినచో బహుమతి, నడువనిచో లేదు. అందువలన ఉపాధ్యాయుడు గాని పెద్దలు గాని బండిని సరిచేసి విద్యార్థి చేతికిచ్చుట జరుగుచున్నది. నడచిన బండికంటె, నడువనపుడు విద్యార్థి వ్రాసుకొనిన నోటుపుస్తకమును చూచి మార్కులు వేయుట న్యాయము.

ఆ నోటుపుస్తకములో నుండవలసిన క్రమమును గూడ చెప్పుట ఉచితము. మొదట బాటరీని భారముతో కొలువవలెను. పిమ్మట ఒక మోటారును తిన్నగా బాటరీకి తగిలించి తిరుగునో లేదో చూడవలెను. తరువాత పలకను ఒంటరిగా నుంచి, దీపమొకటి వెలిగి ఆరు చిన్న ప్రోగ్రామును నడుపవలెను. ఆ పిమ్మట మోటారు పలకను, చివరకు దూరమును కొలుచు సాధనమును ఒక్కొక్కటిగా చేర్చవలెను. ఒకసారికి ఒకే మార్పు చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో దేనివలన బాగుపడినదో తెలియదు. ప్రతి మార్పునకు ముందు "ఇది కారణమైనచో ఇట్లు జరుగవలెను" అని వ్రాసి, పిదప జరిగినదానిని వ్రాయవలెను. ఊహ, పరీక్ష, నిర్ణయము – ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు చేయునది యింతకంటె వేరు గాదు. ఈ పనికి కావలసిన అదనపు సాధనము మూడు నాలుగు వందల రూపాయలకు లభించు మల్టీమీటరు ఒక్కటే. విచిత్రమేమనగా, చాల పెట్టెలలో లేనిది అదియే.

కావున రోబోటు పెట్టెలను కొనదగవని చెప్పుట ఈ విమర్శ ఉద్దేశము గాదు. కొనవలసినవే. కాని అమ్మువారు రెండు రంగు చక్రములు తగ్గించి ఒక మల్టీమీటరును, లోపములను వెదకు విధమును తెలుగులో తెలుపు నాలుగు పుటలను చేర్చవలెను. అవి చేరు వరకు ఆ నాలుగు పుటలను వ్రాయు బాధ్యత ఉపాధ్యాయులది. తరగతిలో కదలని బండి యేదైనను ఉన్నచో, దానిని దాచక బల్లపై నుంచి, "ఇది ఏల కదలలేదు?" అని విద్యార్థుల నడుగుటతో ఆ పని ప్రారంభింపవచ్చును.