గ్రీన్‌లో కేళీలు

గోల్ఫ్ మైదానంలో రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చికే గ్రీన్. బంతి తడబడకుండా దొర్లాలి కాబట్టి అక్కడి గడ్డిని 3 మిల్లీమీటర్ల ఎత్తుకు దగ్గరగా, ఆట కాలంలో దాదాపు రోజూ కత్తిరిస్తారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇందుకు వాడేది సంకర బెర్ముడా గడ్డి. అందులో ఒక పక్షం మనకు బాగా తెలిసిన గరికే. రెండోది సన్నటి ఆకుల ఆఫ్రికా జాతి. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ 1956లో విడుదల చేసిన టిఫ్‌గ్రీన్, 1965లో వచ్చిన టిఫ్‌డ్వార్ఫ్ ఈ కోవలోవే. గరికకు 36, ఆఫ్రికా జాతికి 18 క్రోమోజోములు ఉంటే సంకరానికి 27 మాత్రమే. అవి సరిగా జతపడవు కాబట్టి అది గింజ కట్టదు. కాడ ముక్కలు నాటి పెంచవలసిందే.

గింజే లేని గడ్డిలో కల్తీ చేరడం విడ్డూరంగా అనిపిస్తుంది. కానీ ఈ సంకరాల్లో ఉత్పరివర్తనాలు వస్తుంటాయి. టిఫ్‌డ్వార్ఫ్ కూడా టిఫ్‌గ్రీన్ గ్రీన్‌లలో అలా బయటపడిందే. మేలు చేసిన మార్పు కొత్త రకమైతే, చెడ్డది మచ్చగా మిగులుతుంది. ఇక బయటినుంచి వచ్చే కల్తీ ఉంది: నారుమడిలో కలిసిన ముక్క, కోత యంత్రానికి అంటుకొచ్చిన కాడ, గ్రీన్ అంచు దాటి పాకిన ముతక బెర్ముడా.

వరి విత్తన పొలంలో కేళీలను, అంటే రకానికి చెందని మొక్కలను, ఏరినట్టు వీటినీ తొలిదశలోనే ఏరాలి. చలి మొదలై రంగు మారేటప్పుడు, ఎదుగుదల తగ్గించే మందు కొట్టాక, కేళీ మచ్చలు కళ్లకు స్పష్టంగా కనబడతాయి. చిన్న మచ్చైతే రంధ్రాలు తీసే పరికరంతోనే ఆ గడ్డను తవ్వి, నర్సరీ గ్రీన్ నుంచి శుద్ధమైన గడ్డను తెచ్చి అమర్చవచ్చు. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయాక ఈ పని వ్యర్థం. కేళీ, అసలు గడ్డి రెండూ దగ్గరి చుట్టాలే కాబట్టి ఒకదాన్ని చంపి రెండోదాన్ని బతికించే కలుపు మందు దొరకదు. మొత్తం తీసెయ్యాలి.

తీసెయ్యడం అంటే పైపొర కోసి పారెయ్యడం కాదు. బెర్ముడా భూమి లోపలి కాండాల నుంచి తిరిగి మొలుస్తుంది. కాబట్టి ముందు దాన్ని బలంగా పెరగనివ్వాలి. నీరు, నత్రజని ఇచ్చి, పచ్చగా ఉన్నప్పుడే గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టాలి. కాండంలోకి మందు దిగేది అప్పుడే. కొన్ని వారాలు ఆగి, మళ్లీ చిగురించినదానిపై రెండోసారి, అవసరమైతే మూడోసారి కొట్టాలి. ఆట త్వరగా మొదలవ్వాలన్న తొందరలో ఈ నిరీక్షణనే కుదిస్తారు. గ్రీన్ మార్పిడిలో ఇంతకంటే ఖరీదైన పొదుపు లేదు.

ఆ తర్వాత నేలకు ధూమచికిత్స. ఒకప్పుడు మిథైల్ బ్రోమైడ్ వాడేవారు. అది ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాలు కొన్ని మినహాయింపులతో 2005 నాటికి దాన్ని ఆపేశాయి. ఇప్పుడు డాజోమెట్ గుళికలను ఇసుకలో కలిపి, తడిపి, వాయువు పైకి పోకుండా మూసిపెడతారు. వాయువు పూర్తిగా పోయిందో లేదో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: ఆ మట్టిని సీసాలో వేసి లెట్యూస్ గింజలు చల్లుతారు. మందు తగలని మట్టిలోలాగే ఇక్కడా మొలిస్తే నాటవచ్చు.

నాటేది ధ్రువీకరించిన నారుమడి నుంచి వచ్చిన కాడలే కావాలి. జార్జియాలో వేసవి ఆరంభం ఇందుకు అనువైన కాలం. కాడలు చల్లి, ఇసుకలోకి అదిమి, రోలర్ తిప్పి, వేరు పట్టేదాకా రోజుకు చాలాసార్లు కొద్దికొద్దిగా తడుపుతారు. కోత యంత్రాన్ని కడగకుండా అక్కడికి తీసుకురాకూడదు.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది గ్రీన్ చుట్టూ ఉండే అంచు. లోపలి గడ్డి మార్చి, అంచున పాత బెర్ముడాను వదిలేస్తే అది కొన్నేళ్లలోనే మళ్లీ లోపలికి పాకుతుంది. గ్రీన్‌తో పాటు దాని చుట్టూ ఒక పట్టీనైనా చంపి కొత్త గడ్డి వేయాలి. తర్వాత ఆ సరిహద్దును ఏటా కోస్తూ ఉండాలి. అంచును వదిలేసిన మార్పిడి సగం పనే.